విధురత్వం: మైనస్ నాలుగు శాతం

నా భార్య బత్తుల దాక్షాయణమ్మ ప్రభుత్వ నర్సు. ముప్పై ఒక్క ఏళ్లు పల్లెల్లో పిల్లలకి టీకాలు వేసింది. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ నేను ఆమె మోపెడ్ నడిపాను. ముందు కాళ్ల దగ్గర టీకా మందుల ఐసు డబ్బా, వెనక ఆమె, మధ్యలో నేను. నా ఉద్యోగానికి జీతం లేదు. సెలవు కూడా లేదు. పదవీ విరమణకి పద్నాలుగు నెలలు ఉందనగా ఆరోగ్య కేంద్రం వరండాలో రిజిస్టరు రాస్తూ రాస్తూ ఆమె పక్కకి ఒరిగింది. అంతే.

మాకు పిల్లలు లేరు. నాకు సెంటు భూమి లేదు. ఉద్యోగి చనిపోతే బతికున్న భార్యకో భర్తకో కుటుంబ పింఛను ఇస్తారు. అది వస్తే నేను తింటాను. రాకపోతే లేదు. నేను జిల్లా కేంద్రంలో ఆ కార్యాలయం మెట్లెక్కింది అందుకే.

సరిగ్గా ఆ నెలలోనే ప్రభుత్వానికి తెలుగు మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు దరఖాస్తులో ‘విడో’, ‘విడోయర్’ అని రెండు ఇంగ్లీషు మాటలుండేవట. అక్కర్లేని దాన్ని కొట్టేస్తే సరిపోయేది. ఇప్పుడా రెండూ తీసేసి ఒక ఖాళీ గీత పెట్టారు. ఆ గీత మీద స్వచ్ఛమైన తెలుగులో రాయాలి.

దరఖాస్తులు తీసుకునే శ్యామల అనే అమ్మాయి కలం పట్టుకుని నా వంక చూసింది.

“బాబాయ్, పెళ్లాం చచ్చిపోయినోణ్ణి తెలుగులో ఏవంటారు?”

“మా ఊళ్లో ఏమీ అనరమ్మాయ్. ఇంకో పిల్లని చూస్తారు.”

ఆ అమ్మాయి లేచి వెళ్లి సూపరింటెండెంటుని అడిగింది. ఆయన పేరు పరిపూర్ణాచారి. కార్యాలయం కోసం తొమ్మిది వందల తెలుగు మాటలతో నిఘంటువు తయారుచేసిన మనిషి. బల్ల మీద గంట కొట్టడం మానేసి ‘ఎవరక్కడ’ అనడం మొదలుపెట్టాడని చెప్పుకునేవారు. ఆయన స్వయంగా నా దగ్గరికి వచ్చాడు.

“విధురుడు. చక్కని పదము. శతాబ్దాలుగా మూలన పడి ఉన్నది. నేటికి మీ మూలముగా వెలుగు చూచుచున్నది. మిమ్ము చూడగా మిక్కిలి సంతోషముగా ఉన్నది,” అన్నాడు.

నా భార్య పోయాక నన్ను చూసి సంతోషించిన మొదటి మనిషి ఆయనే.

శ్యామల ఆ మాట గీత మీద రాసింది. చేతిరాత కాస్త గజిబిజి. కాగితం శుద్ధప్రతి రాసే విభాగానికి వెళ్లింది. అక్కడ ఆ మాట ఎవరూ వినలేదు. విననిది ఉండదని వాళ్ల నమ్మకం.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. గుణింతం తప్పితే మాస్టారు వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఈ కార్యాలయంలో అలా కొట్టేవాళ్లు లేరు. విధురుడిలో ‘వి’ మీదున్న గుడి పక్కింటికి జరిగి ‘ధ’ మీద కూర్చుంది. ‘ధ’కున్న కొమ్ము రాలిపోయింది. గుడి పోయిన ‘వ’ తలకట్టు కూడా పోగొట్టుకుని ‘బ’ అయింది. నేను బధిరుణ్ణయ్యాను. అంటే చెవిటివాణ్ణి.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. బధిరులైన శ్రీ మాలకొండయ్య గారు తమ లోపము కనీసము నలుబది శాతము ఉన్నట్లు వైద్య మండలి నుండి ధ్రువపత్రము దాఖలు పరచిన పిమ్మట కుటుంబ పింఛను విషయము పరిశీలింపబడును, అని. ఆ ఉత్తరం పట్టుకుని పరిపూర్ణాచారి ముందు నిలబడ్డాను.

“పొరపాటు పడింది సార్. నేను చెవిటోణ్ణి కాదు. పెళ్లాం పోయినోణ్ణి.”

ఆయన దరఖాస్తునీ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

“కార్యాలయమున పొరపాటు పడదు. పడినచో నమోదు చేయవలెను. నమోదు చేసినచో బాధ్యుని గుర్తింపవలెను. గుర్తించినచో విచారణ. విచారణ ముగియుటకు రెండేండ్లు. అంతవరకు మీ దస్త్రము కదలరాదు.”

“మరి ఏం చెయ్యమంటారు?”

“ఉత్తరమున మండలి అని ఉన్నది, శాతము అని ఉన్నది. ఆ రెండింటినీ గౌరవింతము. మండలి వద్దకు వెళ్లుడు. వారు పరీక్షించి ఎంత శాతమో తెలిపెదరు.”

“ఏది ఎంత శాతం?”

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. తెరిచాడు.

“విధురత్వము.”

“సార్, నా పెళ్లాం నూటికి నూరుపాళ్లు చచ్చిపోయింది.”

“అది ఆమె శాతము, మాలకొండయ్య గారూ. మాకు కావలసినది మీ శాతము.”

ఆ రోజు నుంచి కార్యాలయంలో అందరూ నాతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. వాచ్‌మన్ అరిచాడు. ఫైళ్లు మోసే మనిషి చేతులూపి సైగ చేశాడు. చివరికి శ్యామల కూడా నోటికి చేతులు అడ్డంపెట్టి అరిచింది.

“నీకు వినపడుద్దని నాకు తెలుసు బాబాయ్! కానీ ఫైల్లో అట్టా ఉంది!”

వైద్య మండలి అంటే పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం. మండలి మొత్తం ఒకటే మనిషి, డాక్టరు రంగనాయకులు. ఆయన నా కాగితం రెండుసార్లు చదివాడు.

“విధురత్వమా? ఇదేం జబ్బయ్యా? చెవిలో ఉంటదా?”

“ఇంట్లో ఉంటదండీ.”

“మా దగ్గర ఇంటికి మిషను లేదు పెద్దాయనా. చెవికే ఉంది. పోయి కూర్చో.”

అద్దాల గది. గోడల నిండా దూదిలాంటి మెత్తటి పలకలు. బయట చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదు. తలకి రెండు డొప్పలు తగిలించారు. చప్పుడు వినపడ్డప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. చిన్న చిన్న కూతలు వదిలారు. కొన్ని దోమ రొదలాగా ఉన్నాయి. కొన్ని అంతకంటే చిన్నవి. నేను ఎత్తుతూ పోయాను. మధ్యమధ్యలో అలవాటు ప్రకారం దాక్షాయణి పలికింది. వినపడ్డప్పుడు ఎత్తమన్నారు కాబట్టి ఎత్తాను.

బయటికి వచ్చాక డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నేను నూరు కూతలు వదిలాను. నువ్వు నూటనాలుగు సార్లు చెయ్యెత్తావు. ఆ నాలుగూ ఏంది?”

“మా ఆవిడండీ.”

“ఎక్కడుంది?”

“చనిపోయింది.”

“ఏమంది?”

“ఐసు డబ్బా మూత బిగించావా అంది. మూడుసార్లు.”

“నాలుగోసారి?”

“తిట్టింది.”

“ఏమని?”

“అది మాత్రం రాయబోకండి.”

ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆయన ముందున్న కాగితంలో అంకెలకే చోటుంది. వినికిడి నూటనాలుగు అని వేశాడు. లోపం దగ్గర నూటిలోంచి నూటనాలుగు తీసేశాడు. కింద రాశాడు: విధురత్వం మైనస్ నాలుగు శాతం.

పరిపూర్ణాచారి ఆ అంకెని వేలితో కొలిచినట్టు తడిమాడు.

“నలుబది కావలెను. సున్న వచ్చినను ఏదేని మార్గము ఆలోచించి ఉండెడివారము. మీకు సున్న కంటె తక్కువ వచ్చినది. అనగా మీరు విధురులు కారు. కాకపోగా, సాధారణ భర్త కంటె నాలుగు శాతము అధికముగా భార్య కలవారు.”

“ఉన్న ఒక్కతే పోయింది సార్.”

“మరి ఆ అధికము ఎవరు? రెండవ వివాహమా?”

“కాదండీ. అదే మనిషి. అప్పుడప్పుడు మాట్లాడుద్ది.”

ఆయన వెనక్కి వాలాడు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. అలాంటి వెలుగు వచ్చాక ఆ కార్యాలయంలో ఎవరూ బాగుపడలేదని తర్వాత శ్యామల చెప్పింది.

“ఆమె మాట్లాడుచున్నది.”

“నాతోనండీ.”

“ప్రభుత్వ వైద్యుడు పరీక్షించి నాలుగు పర్యాయములు నమోదు చేసినాడు. మాటలాడగల ఉద్యోగిని పదునొకండు నెలలుగా విధులకు ఏల హాజరగుట లేదు?”

“సార్, పంచాయతీ వాళ్లు ఇచ్చిన మరణ పత్రం ఫైల్లోనే ఉంది.”

“ఉన్నది. దాక్షాయణమ్మ మరణించెనని అందులో పంచాయతీ కార్యదర్శి అనుచున్నాడు. దాక్షాయణమ్మ అన్నదా?”

ముప్పై ఒక్క ఏళ్లు ఆమె తరఫున నేను ఎక్కడా మాట్లాడలేదు. ఆమె మాట్లాడనిచ్చేది కాదు.

మరుసటి రోజు నా భార్య పేరిట మెమో తయారైంది. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరగుటకు గల కారణములను పదునైదు దినములలో తెలుపవలెను. లేనియెడల కొలువు నుండి తొలగింపబడుదురు. ఇది అందజేయు విధానము: భర్త ద్వారా, మౌఖికముగా. ఉద్యోగిని సమాధానమును భర్త విని, వ్రాతపూర్వకముగా సమర్పించవలెను.

దాన్ని నా చేతికిస్తూ శ్యామల అరిచింది.

“పదిహేను రోజుల్లో పిన్ని జవాబియ్యాలంట బాబాయ్! ఇయ్యకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తారు! అట్టా తీసేస్తే నీకు పింఛను గూడా రాదు!”

“చచ్చిపోయినామెని ఎట్టా తీసేస్తారమ్మాయ్?”

“చచ్చిపోయిందని ఇంకా ఎవురు ఒప్పుకున్నారు?”

తర్వాత అటూ ఇటూ చూసి, ఆ ఫైలు మొదలయ్యాక మొదటిసారి గొంతు తగ్గించింది. “పిన్నికి నిజంగా చెప్పు బాబాయ్. బాగా గట్టిగా చెప్పు.”

ఇంటికి వచ్చాను. ఇల్లంటే ఆమె పోయాక ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చేయించగా అద్దెకి తీసుకున్న ఒక గది, ముందు రేకుల పంచ. పొద్దున పూట పంచలో కూర్చుని మెమో గట్టిగా చదివాను. మెమోలో మాటలు ఆమెకి అర్థం కావు. అందుకని మళ్లీ మామూలు మాటల్లో చెప్పాను. పక్క గదివాళ్లు తలుపేసుకున్నారు.

ఆమె పలికింది. నేను కల్పించలేదు, నాకంత తెలివి లేదు. ఆమె చెప్పింది, నేను రాశాను. రాసింది ఇదీ:

“ఆఫీసరు గారికి. నేను పోయిన శ్రావణంలో మంగళవారం పొద్దున పదిన్నరకి ఆరోగ్య కేంద్రం వరండాలో చచ్చిపోయాను. అందువల్ల డ్యూటీకి రాలేకపోతున్నాను. ముందుగా సెలవు చీటీ ఇవ్వలేదు. ఈ సంగతి నాకు కూడా ముందు తెలియదు. ఆ రోజు డబ్బాలో పదకొండు సీసాల మందు మిగిలింది. అది ఫ్రిజ్జులో పెట్టకపోతే పాడైపోద్ది. పెట్టారో లేదో ఈ పదకొండు నెలల్లో నన్ను ఒక్కరు కూడా అడగలేదు. డ్యూటీకి ఎందుకు రాలేదని మాత్రం అడుగుతున్నారు. ఫ్రిజ్జు బాగుచేయించమని ఆరేళ్లు రాశాను. దానికి మీరు జవాబు ఇవ్వలేదు. నేను పదిహేను రోజుల్లో ఇస్తున్నాను. మా ఆయన చెవులు బాగానే ఉన్నాయి. చెప్పింది వినడు, అది వేరే జబ్బు. బి. దాక్షాయణి, నర్సు.”

సంతకం నాకు తెలిసినట్టు నేనే చేసి, పక్కన ‘చెప్పగా రాసినది’ అని వేశాను.

పరిపూర్ణాచారి ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచాడు. శ్యామల ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“సుస్పష్టము,” అన్నాడాయన. “వైద్యులు అన్నది వినికిడి. పంచాయతీ అన్నది వినికిడి. మీరు అన్నది అంతకంటె వినికిడి. ఇది మాత్రము ఉద్యోగిని స్వీయ వాంగ్మూలము. గడువులోగా వచ్చినది. తేదీ, వేళ, స్థలము ఉన్నవి. తాను మరణించినట్లు ఆమెయే అంగీకరించినది గనుక, ఇక మనము కాదనుటకు అధికారము లేదు.”

“ఇప్పుడు నేను విధురుణ్ణేనా సార్?”

“ఉద్యోగిని మరణించినప్పుడు భర్త మరేమగును?” అని నన్నే అడిగాడు. ఆ ముక్క మొదట్లోనే నేను చెప్పినప్పుడు ఆయనకి ఎక్కలేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పింఛను మంజూరైంది. చివర ఒక షరతు ఉంది. పింఛనుదారు తాను జీవించి ఉన్నట్లు ప్రతి నవంబరు మాసమున పత్రము దాఖలు పరచవలెను. దానితోపాటు, ఉద్యోగిని తన మరణము కొనసాగుచున్నట్లు స్వయముగా తెలుపు పత్రమును జతపరచవలెను.

నేను మళ్లీ మెట్లెక్కాను.

“సార్, ఆమె మాట నాకు వినపడితే నేను విధురుణ్ణి కాదన్నారు. వినపడకపోతే ఈ పత్రం ఎట్టా తెచ్చేది?”

“ఏడాదికి ఒక్క పర్యాయము వినపడవచ్చును. నవంబరులో. నిబంధన అనుమతించును.”

“మిగతా నెలల్లో?”

“వినవద్దు.”

నేను ఉత్తర్వులు పాటించే మనిషిని కాదు. మిగతా నెలల్లో కూడా విన్నాను. అన్నం ఉడికిందో లేదో చూడకుండా దించితే ఆమె అనేది. దీపం ఆర్పకుండా బయటికి పోతే అనేది. పింఛను ఒకటో తారీకున వచ్చేది. దాంతో అన్నం వండుకుని, ఆమె చేత మాటలు పడుతూ తినేవాణ్ణి. సంసారంలో పెద్ద మార్పేమీ లేదు.

మొదటి నవంబరులో అడిగాను. “ఇంకా చచ్చే ఉన్నాను. వాళ్లకి వేరే పనేం లేదా?” అంది. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. అంగీకరించారు.

రెండో నవంబరులో మూడు రోజులు అడిగించుకుంది. “పోయినేడు చెప్పిందే. మళ్లీ మళ్లీ అడగమాకు,” అంది. అది కూడా రాసి ఇచ్చాను. అంగీకరించారు.

మూడో నవంబరు ఒకటో తారీకున పంచలో కూర్చుని అడిగాను. పలకలేదు. అలిగిందనుకున్నాను. పదో తారీకున అడిగాను. ఆ తర్వాత రోజుకి నాలుగైదుసార్లు అడిగాను. పలకలేదు. అప్పుడు గుర్తు చేసుకుంటే వినాయక చవితి తర్వాత అసలు పలికినట్టే లేదు. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

ఆమెకి కోపం వచ్చే పనులు చేసి చూశాను. తడి తువ్వాలు మంచం మీద పడేశాను. చెప్పులతో పొయ్యి దగ్గరికి వెళ్లాను. పాలు పొంగబెట్టి పొయ్యి మీద అట్లాగే ఎండనిచ్చాను. రెండు రోజులు స్నానం మానేశాను. బతికున్నప్పుడు వీటిలో ఏ ఒక్కటికైనా వీధి చివరిదాకా వినపడేది. ఇప్పుడు ఒక్క మాట లేదు. పెద్దాసుపత్రిలో ఆ మెత్తటి గది కంటే నా గది నిశ్శబ్దంగా ఉంది.

ఇరవై తొమ్మిదో తారీకు వచ్చింది. మర్నాటితో గడువు. పత్రం లేకపోతే డిసెంబరులో పింఛను లేదు. పింఛను లేకపోతే నాకు బియ్యం లేవు.

పంచలో కూర్చుని నేనే రాశాను. ఆమె ఎలా అంటుందో అలా రాయాలని చూశాను. రాలేదు. నాలుగు కాగితాలు చించాను. ఐదోది ఇలా వచ్చింది: “గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు. తమ దయవల్ల నేను ఇప్పటికి కూడా మరణించే ఉన్నానని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఇట్లు తమ విధేయురాలు.” ఎప్పటిలాగే సంతకం చేసి, ‘చెప్పగా రాసినది’ అని వేశాను.

పరిపూర్ణాచారి ఆ కాగితాన్ని కళ్లకి దూరంగా పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఇక పట్టుబడ్డాననుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన పట్టుకోవాలని కూడా అనుకున్నాను. ఎవరో ఒకరు ఇది ఆమె మాట కాదని అనాలి కదా.

ఆయన చిరునవ్వు నవ్వాడు.

“గత రెండు పత్రములు కొంచెము పరుషముగా ఉండినవి. దస్త్రమున ఉంచుటకు సంకోచించితిని. ఈ పర్యాయము అమ్మగారు ఎంతో మర్యాదగా వ్రాసినారు. ఏండ్లు గడచిన కొలది ఎంతటివారైనను మెత్తబడుదురు, కాదా మాలకొండయ్య గారూ?”

“అది మెత్తబడే మనిషి కాదండీ,” అన్నాను.

ఆయన అప్పటికే ముద్ర వేసి నా వెనకవాళ్లని రమ్మన్నాడు.